ధనంజయకు గొంతు పోయిన జాతర

కొండ బస్సులో ఇరవై రెండేండ్లు కండక్టరు పని చేసినోడికి ఈ లోకంలో తెలియని సంగతి అంటా ఉండదు. తిరుపతిలో ఎక్కి తిరుమలలో దిగేలోపల గంటసేపు. ఆ గంటలో యాత్రికులు వాళ్ళ కోడలి సంగతి, వాళ్ళ ఊరి ఎమ్మెల్యే సంగతి, వాళ్ళ హీరో కొత్త సినిమా ఏయే ఊర్లో నూరు రోజులాడిందనే సంగతి, ఆపైన అమెరికా సంగతి, అన్నీ ధనంజయ నెత్తిన కుమ్మరించి, చేతులు దులుపుకోని దిగిపోతారు. దిగే ముందర సీటు గట్టిగా ఉండాదని, కిటికీ మూసుకోలేదని, ఘాటురోడ్డు అన్ని మలుపులు తిరిగిందని కూడా ధనంజయనే తిడతారు. రోడ్డు వంకర పోయినా కండక్టరుదే తప్పు.

తిరిగి ఒక్క మాట అనేదానికి లేదు. అంటే కంప్లయింటు, కంప్లయింటు అంటే మెమో, మెమో అంటే డిపోలో చేతులు కట్టుకోని నిలబడి సంజాయిషీ. అందుకని ధనంజయ ఎవురేమన్నా "సూసుకోని దిగండమ్మా" అని మాత్రం అంటాడు. అనాలనుకున్న మాటను పాత డ్యూటీ కాగితం వెనక రాసి జేబులో పెట్టుకుంటాడు. ఏడాది తిరిగేటప్పటికి అవి ఇంత లావు కట్ట అవుతాయి.

ఆ కట్ట విప్పేది ఏడాదికి ఒక్క రోజే, గంగమ్మ జాతరలో బండ వేషం నాడు.

తిరుపతోళ్ళకు ఇది చెప్పే పని లేదు. బయటోళ్ళకు చెప్పాల. మే నెల ఎండల్లో వారం పాటు జాతర, రోజుకొక వేషం. బండ వేషం నాడు మొక్కుకున్నోళ్ళు ఒంటినిండా కుంకుమ పూసుకోని, వేపమండలు పట్టుకోని వీధిలోకి దిగితే ఇంగ వాళ్ళ నోటికి పట్టపగ్గాలుండవు. కలెక్టరునైనా తిట్టొచ్చు, కన్నోళ్ళనైనా తిట్టొచ్చు. తిట్టించుకునేవాడు మొహం మాడ్చుకోకూడదు. అది అమ్మ నోటి మాట, చేతులు జోడించి గమ్మున తీసుకోవాల. తిడితే మంచిది. తిట్టకుండా మన గడప దాటి పోతేనే గుబులు, ఈ ఏడు అమ్మ కంటికి మనం ఆనలేదేమోనని.

కూతురు నవీనకు చిన్నప్పుడు జ్వరం తలకెక్కితే, బతికినన్నాళ్ళూ బండ వేషం వేస్తానని ధనంజయ మొక్కుకున్నాడు. ఆ పిల్ల బతికి బట్టకట్టి ఇప్పుడు డిగ్రీ చదవతా ఉండాది. ఆయన మొక్కు వీధికి పండగయి కూర్చుంది. అందరూ తిట్టే బూతులు కాదు ధనంజయవి. ఏ ఏటి లోకానికి ఆ ఏటి తిట్టు. ఎడారిలో బాంబు పేల్చి దేశమంతా మిఠాయిలు పంచుకున్న ఏడు, రిటైరయిన హెడ్మాస్టరు రాజారత్నం అయ్యవారి గుమ్మం ముందర నిలబడి, "మా వీధి కొళాయిలో నీళ్ళు రప్పించలేనోళ్ళు భూమిలో బాంబు పేల్చినారంట, నోరు తీపి చేసుకో అయ్యవారూ, కాళ్ళు కడుక్కునేదానికి మాత్రం నీళ్ళడగబాక" అన్నాడు. ఢిల్లీ సర్కారు ఒక్క ఓటుతో పడిపోయిన ఏడు, "ఒక్క ఓటుకు పడిపోయేదాన్ని కూడా సర్కారంటారా, మా అత్త మంచం దానికన్నా నయం, మూడు కాళ్ళ మీద పదేండ్లుగా నిలబడుండాది" అన్నాడు. సినిమాల్లో మన సీమోళ్ళంతా తొడ కొట్టి సుమోలను గాల్లోకి లేపడం మొదలైనాక, "నాకొక హీరోను ఇప్పించండ్రా, మా బస్సు ఆరో మలుపు కాడ రెండో గేరు దాటదు, రవంత తొడ కొట్టి పోతాడు" అన్నాడు.

జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. ఒక ఏడు తొందరలో రాజారత్నం అయ్యవారి ఇల్లు వదిలేసి పోయినందుకు, ఆ పెద్దమనిషి నాలుగు నెలలు ధనంజయతో మాట్లాడలేదు.

రెండువేల మూడో సంవత్సరం, ఉగాది దాటినాక, ధనంజయ గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగినాడు. తాటిబెల్లం చప్పరించినాడు. తగ్గలేదు. ఒకరోజు బస్సులో టికెట్ టికెట్ అని అరిస్తే మూడోసారి నోరు కదిలింది గానీ మాట రాలేదు. గొంతు డాక్టరు లోపలికి చిన్న అద్దం పెట్టి చూసి, స్వరతంతువుల మీద బొబ్బలు కట్టుండాయి, నెలా పదహైదు రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా అదే అరుపు లెక్క, ఈ టైములో అరిచినావా, జన్మలో ఇంగ గొంతు రాదు అని తేల్చి చెప్పినాడు.

లీవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. నవీన చిన్ననాటి పలక అటక మీద ఉంటే దించి, దాని మీద రాయడం మొదలుపెట్టినాడు. 'కాఫీ.' 'ఫ్యాను.' 'వద్దు.' వీధిలో ఒక్కొక్కరే వచ్చి చూసిపోయినారు. అంత నోరున్నోడికి ఎంత కష్టమొచ్చిందో అని అయ్యో పాపమన్నారు. ఆయన పెండ్లాం లోకేశ్వరి వచ్చినోళ్ళకల్లా మజ్జిగిచ్చి పంపించింది. ఆమెది సత్యవేడు పక్క పల్లె. ఆయమ్మ మాట్లాడేదే తక్కువ కాబట్టి, ఆమెకేమనిపిస్తా ఉండాదని ఎవురూ అడగలేదు.

టీవీ చూస్తా ధనంజయ కాలం గడిపినాడు. ఒక చానల్లో బాగ్దాద్ మంటల్లో ఉండాది. ఇంగో చానల్లో పట్టుచీర కట్టుకోని పడుకున్న అత్త, పట్టుచీర కట్టుకోని లేచి, కోడలి మీద కుట్ర చేస్తా ఉండాది. ఆ బాంబులకన్నా ఈ అత్త కుట్రకే ఎక్కువ రోజులు పట్టేటట్టుంది. ధనంజయ రెండింటి గురించీ రాసినాడు. కాగితాల కట్ట ఎన్నడూ లేనంత లావయింది. చూసేకొద్దీ ఆయనకు నీరసమొచ్చింది. ఏడాదంతా దిగమింగినదాన్ని ఒక్క రోజు కక్కుకుంటేనే గదా మిగతా దినాలు ఆ బస్సెక్కగలిగేది. ఈసారి అదంతా లోపలే ఉండిపోతే, లీవు అయిపోయినాక తిరిగి ఆ మెట్టెక్కి చేతిలో టికెట్లు పట్టుకోగలనా అని భయపడినాడు. నలభై ఆరేండ్లోడు పలక ఒళ్ళో పెట్టుకోని కూర్చోని ఏడ్చినాడు. ఏడుపుకు కూడా శబ్దం రాలేదు.

బండ వేషం నాడు పొద్దన్నే లోకేశ్వరి ఎప్పటి మాదిరే కుంకుమ నూనెలో కలిపి తెచ్చింది. మొక్కు మొక్కే, వేషం వేయకుండా ఉండేదానికి లేదు. ఒంటికి పూయించుకుంటా ధనంజయ పలక మీద, 'ఊరికే నిలబడొస్తా' అని రాసినాడు. ఆమె చదివి, చేతులు తుడుచుకోని, అల్మరాలోని కాగితాల కట్ట తీసుకోని చెప్పులు లేకుండా గడప దిగింది. నేను చదవతా, పద అనింది.

వీధి మొదట్లో రాజారత్నం అయ్యవారే అడ్డం చెప్పినాడు. ఆడోళ్ళు బండ వేషం రోజు తిట్టడం యాడన్నా ఉండాదా, ఆచారమని ఒకటుండాది గదా అన్నాడు. ఆ మాటకు నలుగురు తలకాయలూపినారు కూడా. లోకేశ్వరి కట్టను గుండెకు ఆనించుకోని నిలబడింది. అప్పుడు జ్ఞానాంబ లేచింది. వీధిలో అందరికన్నా పెద్దది, ఎనభై దాటిన మనిషి, జాతరలో ఏ తగువొచ్చినా ఆమె దగ్గరికే పోతారు.

"ఏమప్పా అయ్యవారూ, ఆడోళ్ళను చెరబట్టిన పాలెగాణ్ణి వేషాలేసి ఎతికి సంపింది ఎవురు? గంగమ్మ. గంగమ్మ ఆడదా, మగోడా? ఆడదాని నోరు ఇన్నేండ్లు మీకు అప్పిచ్చింది. ఒక్క రోజు తిరిగి ఇమ్మంటే ఆచారం గుర్తొచ్చిందా?"

దాంతో అయ్యవారు పక్కకు తప్పుకున్నాడు.

మొదటి ఇంటి కాడ లోకేశ్వరి కాగితం చూసి బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చదివింది. ఎవురూ నవ్వలేదు. ధనంజయకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. రెండో ఇంటి కాడ గొంతు రవంత లేచింది. మూడో ఇల్లు అయ్యవారిది. ఆమె ఇరాక్ కాగితం తీసి, "పక్కింట్లో కత్తులుండాయని తలుపు పగలగొట్టి దూరినాడంట ఒకాయన, కత్తి లేదు సరి గదా కూరగాయల చాకు కూడా దొరకలేదంట, దొరికిందాకా ఈడే ఉంటానని ఆ ఇంట్లోనే మంచమేసుకున్నాడంట" అని చదివి, జనం నవ్వడం విని, కాగితం దించేసింది. దించి అయ్యవారి మొహంలోకే చూసి, లోకమంతా తెలిసిన నువ్వు మీ ఇంట్లో గ్యాసు అయిపోయి ఎన్నాళ్ళయిందో చెప్పు సూస్తాం, నీ పెండ్లాం వారంగా మా పొయ్యి మీద పప్పుడికించుకోని పోతా ఉండాది అనింది. లోపల్నుంచి అయ్యవారి భార్య నవ్విన నవ్వు వీధంతా వినపడింది. అయ్యవారు మంచోడే, రెండు చేతులూ జోడించినాడు.

అక్కడి నుంచి ఆమె కాగితం తీయలేదు. ఇల్లిల్లూ ఆమె సొంత తిట్లే. ఏ ఇంట్లో కొడుకు హీరో సినిమా మొదటి ఆటకు పోయి చొక్కా చించుకోని వచ్చినాడో, ఏ ఇంట్లో మొగోళ్ళు సీరియల్ తీసేసి వార్తలు పెడితే అన్నం పెట్టేది లేదని ఆడోళ్ళు పట్టుబట్టినారో, ఆమెకు అన్నీ తెలుసు. మజ్జిగ పోసిన చేత్తోనే వాతలు పెట్టుకుంటా పోయింది. జనం నవ్వలేక కడుపులు పట్టుకున్నారు. ధనంజయ ఒంటినిండా కుంకుమతో, చేతిలో వేపమండతో, ఆఫీసరు వెనకాల బంట్రోతు మాదిరి నడిచినాడు. ఆయనకు కుళ్ళు పుట్టింది. ఉన్న మాట చెప్పాల గదా, బాగా కుళ్ళు పుట్టింది. అంతకన్నా ఎక్కువగా, ఇన్నేండ్లు ఇంత నోరు ఈమె యాడ పెట్టుకోనుండాదో అని ఆశ్చర్యమేసింది.

పదకొండు దాటింది. ఎండ నెత్తిన కూర్చుంది. చివరికి వాళ్ళ ఇల్లొచ్చింది. ధనంజయ ఎప్పటి మాదిరే కొళాయి పక్కకు తిరిగినాడు, ఒళ్ళు కడుక్కుందామని. లోకేశ్వరి చెయ్యి అడ్డం పెట్టి, ఇది కూడా వీధిలో ఇల్లే, పోయి గడపలో నిలబడు అనింది. జనం ఈలలేసినారు. ఆయన పోయి నిలబడి చేతులు జోడించినాడు.

"ఒరే కండక్టరూ," అనింది లోకేశ్వరి.

వీధంతా గొల్లుమని నవ్వింది. ఆమె నవ్వలేదు. జనం నవ్వు ఆగిందాకా ఉండి అప్పుడు మొదలుపెట్టింది.

"కొండకు పోయే ముసలమ్మలందరినీ సూసుకోని దిగమ్మా అంటావంట. మంచి మాటే. ఇంటికొచ్చేటప్పటికి నీ నోట్లో ఒక్క మాట మిగిలుండదేరా. అన్నం పెడితే తింటావు, ఉప్పు సాల్లేదని కూడా అనవు. మా నాయన పోయినాడని సత్యవేడు నుంచి ఫోనొస్తే, నా పక్కన నిలబడి బస్సు టైము చెప్పినావు. అంతే చెప్పినావు. ప్రతేడూ వీధంతా తిట్టి, మన గడప కాడికొచ్చేటప్పటికి సీదా కొళాయి కిందకి పోతావు. ఈ కట్టలో అమెరికావోడుండాడు, సీరియల్లో అత్త ఉండాది, గాల్లోకి లేచే బండి ఉండాది. నేను యాడన్నా ఉండానేమోనని నిన్న మొత్తం చదివినా. లేను. తిట్టేదానికి కూడా నీకు గుర్తు రాలేదురా నేను. ఈ నెల రోజులూ నీకు మాట పడిపోయిందని వీధంతా వచ్చి అయ్యో అనిపోయినారు. నాకు తేడా తెలియలేదు."

ఎవురూ నవ్వలేదు. జ్ఞానాంబ తల దించుకోనింది. నవీన లోపల తలుపు రెక్క పట్టుకోని నిలబడిపోయింది.

ధనంజయ జోడించిన చేతులు దించలేదు. ఇరవై రెండేండ్లు ప్రతి మాటకూ కాగితం వెనక బదులు రాసుకున్నోడు. గడప పక్కనున్న పలక కోసం చెయ్యి జాపబోయి, మానుకున్నాడు. ఆమె మొహం చూడలేక కిందికి చూసినాడు. వేడెక్కిన తారు మీద ఆమె ఒక కాలు ఎత్తి ఇంకో కాలు మీద పెడతా ఉండాది, మళ్ళా ఆ కాలు దించి ఈ కాలు ఎత్తతా ఉండాది. పొద్దన్నించి అట్లనే ఇల్లిల్లూ నిలబడి ఉంటాది. ఆయన ముందర నడిచిన మనిషే, ఆయన చూడలేదు.

డాక్టరు చెప్పింది ఆయనకు బాగా గుర్తుండాది. నోరు తెరిచినాడు. గొంతులో ఇసుక రాసినట్టు నొప్పి పుట్టింది.

"కాళ్ళు కాలినాయా?"

సగం గాలే వచ్చింది. పక్కనున్నోళ్ళకు కూడా వినపడలేదు, ఆమెకు వినపడింది. లోకేశ్వరి ఎత్తిన కాలు దించింది. ఒరే అనాల్నో, ఏమయ్యా అనాల్నో తేల్చుకోలేకపోయింది.

"కాలినాయి," అనింది.