ఈరన్న చిన్నాయన అరికాళ్లు

కొత్త పంచె మడత విప్పగానే వచ్చే గంజి వాసన నన్ను ఇప్పటికీ ఎమ్మిగనూరులోని మా పాత ఇంటికి తీసుకుపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో బండల నేల కాలిపోతుంటే ఇల్లంతటిలో చల్లగా ఉండేది మగ్గం గుంట ఒక్కటే. మా నాన్న తమ్ముడు ఈరన్న చిన్నాయన ఆ గుంటలోకి కాళ్లు దించి, తొక్కుడు కర్రలను వట్టి పాదాలతో మార్చి మార్చి తొక్కుతూ నేసేవాడు. నేను జేబు నిండా బొరుగులు పోసుకుని, మెల్లగా గుంటలోకి దిగి, చీపురుపుల్లతో ఆయన అరికాలు గీకేవాణ్ణి. కాలు చటుక్కున పైకి లేచేది, పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె దారి తప్పేది, పైనుంచి నవ్వూ తిట్టూ కలిసి వినపడేవి.

"ఒరే కోతీ, పోగు తెగిందంటే నిన్నే మగ్గానికి కడతా సూడు."

ఉగాదికి చేసిన ఓళిగల్లో తన వాటా సగం తుంచి నాకు పెట్టేదీ ఆయనే. ఆయనకు పెళ్లాం పిల్లలు లేరు.

ఒక వానాకాలం, ముసురుకు నూలు చెమ్మగిల్లి ఆగిన మగ్గాలు మళ్లీ మొదలైన రోజుల్లో, పుల్లతో గీకితే కాలు కదల్లేదు. గట్టిగా గీకాను. పైన నాడె ఆడుతూనే ఉంది. నా మీద కోపంతో పట్టనట్టు ఉన్నాడనుకున్నాను. ఏం తప్పు చేశానో తెలియక ఏడ్చి, తర్వాత నేనూ మాట్లాడటం మానేశాను. అప్పటినుంచే ఆయన ఒక కర్రకు బదులు ఇంకొకటి తొక్కి చీరలు పాడుచెయ్యడం, వీధిలో తూలడం, చెప్పు జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇంటికి రావడం మొదలైంది. ఒకరోజు తాత నన్ను పిలిచాడు.

"సారా కొట్టం కాడ వీణ్ని ఎప్పుడన్నా సూసినావా రా?"

చూడలేదు. అయినా అలక కొద్దీ అవునని తలూపాను.

చిన్నాయన నన్నే చూస్తూ, "పిల్లోడు సెప్తాండాడు కదా నాయనా, ఇంక నన్నేం అడుగుతావు" అన్నాడు.

తాత ఆయన్ను మగ్గం మీంచి లేపేశాడు. ఆయన ఆదోనికి పోయి, పత్తి మిల్లులో మూటలు మోస్తూ ఒక్కడే గదిలో బతికాడు. ఒకసారి నేను అక్కడికి పోతే ఉగ్గాని, బజ్జీ తినిపించి బస్సు దాకా వచ్చాడు. దారంతా తల దించుకుని తన పాదాలనే చూసుకుంటూ నడిచాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. కాలిపుండు ముదిరి చనిపోయాడని తర్వాత కబురొచ్చింది.

ఇప్పుడు నాకు షుగరు. ఈమధ్య ఆదోనిలో డాక్టరమ్మ నా బొటనవేలికి సన్నగా వణికే ఇనుప కడ్డీ ఆనించి, "తెలుస్తాందా అన్నా?" అని అడిగింది. తెలియలేదు. మోకాలికి పెడితే తెలిసింది. నరంలో పారేది తీగలో పారే కరెంటు లాంటిది కాదని ఆమే చెప్పింది. నరం గోడకు బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. అరికాలికి ఏదైనా తాకితే ఆ గోడలోని సన్నని తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది, అక్కడి విద్యుత్తు తారుమారవుతుంది, ఆ కుదుపు పక్క తలుపులను తెరుస్తుంది. వెనక పొటాషియం బయటికి పోయి ఆ చోటు మళ్లీ నెమ్మదిస్తుంది. అట్లా తలుపు తర్వాత తలుపు తెరుచుకుంటూ కబురు పాదం నుంచి వెన్ను దాకా, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. షుగరు ఏళ్ల తరబడి ముదిరితే అన్నిటికన్నా పొడవైన నరాలు ముందు పాడవుతాయి, అందుకే మొదట పోయేది పాదాల స్పర్శ.

"కింద నేల ఉందో లేదో పాదం సెప్పదు కదన్నా, అందుకే ఇట్లాంటోళ్లు కాళ్లు సూసుకుంటా నడుస్తారు" అంది.

చిన్నాయన తల దించుకుని నన్ను బస్సు దాకా దిగబెట్టిన దారి గుర్తొచ్చింది.

మొన్న ఎమ్మిగనూరు పోయాను. మా వీధిలో మగ్గం చప్పుడు లేదు. మా ఇంట్లో మగ్గం గుంట పూడ్చి, పైన టైల్సు పరిచి, సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టారు. అంగట్లో ఉన్న అబ్బాయితో, "ఈరన్న తాగేవాడు కాదప్పా" అన్నాను.

"యా ఈరన్న, అన్నా?" అన్నాడు, ఫోను మీంచి తలెత్తకుండా.

నేను ఎవరి ముందు ఆయన పరువు తీశానో వాళ్లలో ఒక్కరూ ఇప్పుడు లేరు. ఆయన తాగుబోతు కాదని చెప్పడానికి పోయినవాణ్ణి, ఈరన్న అనే మనిషి ఒకడు ఆ ఇంట్లో ఉండేవాడని చెప్పడం దగ్గరే ఆగిపోయాను.