గీత సన్నబడే దాకా

సోల్డరింగ్ ఐరన్ కొన తగలగానే పేస్టు కరిగి సన్నగా పొగ లేస్తుంది చూడండి, ఆ పొగ మంచిది కాదని, ముక్కుకి గుడ్డ కట్టుకోమని ఇప్పుడు అందరూ చెబుతారు, నేనూ బుద్ధిగా కట్టుకుంటాను గాని, రోజుకి ఒక్కసారైనా ఆ గుడ్డ కిందికి లాగి ఆ వాసన పీల్చందే నాకు పని మొదలైనట్టుండదు. చిన్నప్పుడు మా అనకాపల్లిలో ఆ వాసనకి ఇంకో వాసన తోడుండేది. నాన్న రిపేరు కొట్టు ఒక పాత బెల్లం గోదాం ముందుగదిలో ఉండేది కాబట్టి, వెనకాల బెల్లం దిమ్మలున్నా లేకపోయినా గోడల్లోంచి తియ్యగా మగ్గిన వాసన వస్తూనే ఉండేది. పేస్టు పొగా బెల్లమూ కలిసిన ఆ వాసన నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

వారం రోజులుగా ఒక ఆసిలోస్కోపు కొనాలని చూస్తున్నాను. వైర్లలో నడిచే శబ్దాన్ని తెర మీద గీతగా చూపించే యంత్రం అది. పాడైన కీబోర్డులు, సింథసైజర్లు, యాంప్లిఫయర్లు బాగుచేసి బతికే నాకు ఇన్నాళ్ళూ ఒక మీటరూ రెండు చెవులూ సరిపోయాయి. మొన్నామధ్య పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించే ఒకమ్మాయి, నేను బాగుచేసి ఇచ్చినదాన్ని వెనక్కి తెచ్చి, ఇందులో కీచుమని ఒక ఈల వస్తోంది మేడమ్ అంది. స్పీకరుకి చెవి ఆనించి విన్నాను. నాకేమీ వినపడలేదు. ఆ పిల్ల మొహం మాత్రం చింతకాయ కొరికినట్టు ముడుచుకునే ఉంది. విశాఖ వెళ్ళి పరీక్ష చేయించుకుంటే, పై శబ్దాలు మీకు అందడం తగ్గిందండీ అని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. నేను అంత ఆశ్చర్యపోలేదు.

ఫోనులో హైదరాబాదు కొట్టు కుర్రాడు ఎప్పటికప్పుడు పెద్దది తీసుకోమంటాడు. ఆడియో పనికి అంత వేగం ఎందుకు బాబూ, రెండు ఛానెళ్ళుంటే లోపలికి వెళ్ళేదీ బయటికి వచ్చేదీ పక్కపక్కనే చూసుకుంటాను, చిన్న గుసగుసని కూడా పెద్దది చేసి చూపించాలి, దాని సొంత రొద గీతలో కలవకూడదు, ఫ్యాను గోల పెట్టకూడదు అని నా లెక్క నేను చెబుతాను. ఇన్ని తెలిసీ ఆర్డరు పెట్టలేకపోతున్నాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా కొట్లోకి వచ్చిన స్కోపే దానికి కారణం.

దాన్ని ఎంచుకోవడానికి నాన్న మూడు ఆదివారాలు విశాఖ వెళ్ళాడు. ఏదో మూతబడ్డ ఫ్యాక్టరీ సామాను అమ్మే కొట్లో నాలుగైదు పాత స్కోపులుంటే, ఒక్కొక్కటీ ఆన్ చేసి, అరగంట వేడెక్కనిచ్చి, గీత నిలకడగా ఉందా, మెల్లగా కిందికి జారుతోందా అని రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చునేవాడట. మూడోవారం గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అదే మూడు ఆదివారాలూ చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాడని నాకు చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెబితే తెలిసింది.

బెల్లం కొట్లలో బస్తాలు మోసే పైడయ్య తాత, ఆ పచ్చ గీత చూసి ఇది ఆస్పత్రిలో గుండె చూసే మిషనే అని తేల్చేసి, చొక్కా గుండీలు విప్పుకుని వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"బాబూ, నా గుండికాయి కూడా ఓపాలి సూడు."

నాన్న నవ్వలేదు. వైరు కొన ఆయన వేలికి తగిలించి, గీత ఎగిరిపడుతుంటే, నీకింకా ఇరవయ్యేళ్ళు ఢోకా లేదు తాతా అని పంపించాడు.

అమ్మ గొలుగొండ ఆస్పత్రిలో నర్సు. శనివారం సాయంత్రం బస్సు దిగి, సోమవారం తెల్లవారకుండా వెళ్ళిపోయేది. మిగతా రోజుల్లో నేను బడి విడిచాక కొట్లో ఒక స్టూలు మీద ఉండేదాన్ని. గానుగలాడే కాలంలో వీధంతా బెల్లం బళ్ళూ, వాటి వెనక ఈగలూ, గోడల మీద చీమల బార్లూ, కొట్లో నేనూ. పాడైన కెపాసిటర్లు ఐదు ఏరుకుని నాతో నేనే అచ్చనగాయలు ఆడుకునేదాన్ని, ఓడిపోయేదీ నేనే కాబట్టి పోట్లాట కూడా ఉండేది కాదు. నాన్న మాట్లాడేవాడు కాదు. పిలిస్తే పలికేవాడు కాదు కూడా. నా మీద ఇష్టం లేదేమోనని ఆ వయసులో చాలాసార్లు ఏడ్చాను.

ఒక్క సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. ఏ పాటా పెట్టకుండా యాంప్లిఫయర్ ఆన్ చేసి, నాన్న స్కోపు వైరు తగిలిస్తాడు. లోపల రొద ఉంటే గీత గొంగళిపురుగులా నూగునూగుగా కనిపిస్తుంది. రిపేరు పూర్తయితే నూలుపోగులా సన్నబడుతుంది. సన్నబడిన వెంటనే ఆయన ఐరన్ ఆపి, చేతులు కడుక్కుని, దారిలో నాకు పునుగులు కొనిపెట్టి, వేలు పట్టుకుని ఇంటికి తీసుకెళతాడు. గీత సన్నబడితే ఇల్లు, నాకు అంతే తెలుసు.

ఆ ఏడు ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య జాతరకి నాలుగు రోజుల ముందు, ఆర్కెస్ట్రా నడిపే సూరిబాబు మామయ్య తన పెద్ద యాంప్లిఫయరు తెచ్చి పడేశాడు. అందులో ఒక ఈల, దబ్బనంతో చెవిలో పొడిచినట్టుండేది. నాన్న మూడు రోజులు దాని మీదే వంగున్నాడు. ఆ శనివారం క్యాంపు పడిందని అమ్మ రాలేదు. దీపాలు పెట్టే వేళయింది, ఆకలేస్తోంది, గీత గొంగళిపురుగులాగే ఉంది. నాన్న టీ చెప్పడానికి వీధిలోకి వెళ్ళాడు. గీత ఎత్తుని పెద్దదీ చిన్నదీ చేసే నాబు ఒకటి ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దని నాకు గట్టిగా చెప్పి ఉంచాడు. నేను స్టూలు దిగి దాన్ని రెండు మెట్లు తిప్పాను. గీత నూలుపోగైంది.

నాన్న వచ్చాడు. చూశాడు. ఆ స్కోపు తెర మీద అంకెలు ఉండవు, ఏ మెట్టు మీద ఉందో నాబు దగ్గర చూసుకోవాలి, మూడు రోజుల అలసటలో ఆయన అది చూసుకోలేదు. ఈల అలాగే ఉంది. నా చెవిలో పొడుస్తూనే ఉంది. ఇప్పుడు పట్టుకుంటాడు, ఇప్పుడు తిడతాడు అని గుడ్లప్పగించి చూస్తున్నాను.

"అయిపోనాదమ్మా. పద, ఎలిపోదాం," అన్నాడు నాన్న, మొహం విప్పారుతూ.

ఆయనకి వినపడడం లేదని నాకు అప్పుడు తెలిసింది. అప్పుడైనా చెప్పొచ్చు. పునుగులు వేడిగా ఉన్నాయి, ఆ సాయంత్రం నాన్న ఎన్నడూ లేనిది ఏవేవో కబుర్లు చెబుతూ నడిచాడు, నేను చెప్పలేదు.

జాతరలో జీళ్ళ కొట్ల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. మైకు పెట్టగానే ఈల మొదలైంది. ముందు వరసలో ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు, చంటిపిల్లలు గుక్కపెట్టారు. నాన్న మాత్రం స్పీకరు పక్కనే, చేసిన పని బాగా కుదిరిన మనిషిలా, ప్రసన్నంగా నిలబడి ఉన్నాడు. సూరిబాబు మామయ్య దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. కోపం లేదు ఆయన గొంతులో, జాలే ఉంది.

"బావా, ఆ కీసు నీకు ఇనపడతం నేదేటి?"

నాన్న ఆయన నోటి వంక చూశాడు, జనం వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు. నేను కూడా చెవులు మూసుకుని ఉన్నాను. గబుక్కున చేతులు దించేశాను, కానీ ఆయన చూసేశాడు.

వినపడని మెకానిక్కుకి పాటల పెట్టెలు ఎవరిస్తారు? ఫ్యాన్లూ మిక్సీలూ వచ్చాయి కొన్నాళ్ళు, తర్వాత అవీ తగ్గాయి. జాతర మర్నాడు పొద్దున్నే ఆయన స్కోపు ఆన్ చేసి, నాబు వంక చాలాసేపు చూసి, రెండు మెట్లు వెనక్కి తిప్పడం నేను తలుపు పక్కనించి చూశాను. నన్నేమీ అడగలేదు. ఆ పై శనివారం ఏం జరిగిందని అమ్మ అడిగితే మాత్రం ఒకే మాట అన్నాడు.

"నాబు సూసుకోనేదు. నాదే తప్పు."

ఆ తర్వాత పరవాడలో ఏదో కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేరి, రిటైరయ్యే దాకా కంపెనీ బస్సులో వెళ్ళొచ్చాడు. స్కోపు గోనెసంచి కింద చీమలు పట్టి పోయింది. నేను ఈ పని నేర్చుకుంటానంటే సంతోషించాడు, నేర్పాడు కూడా. ఆ సాయంత్రం సంగతి చెబుదామని ఎన్నిసార్లో నోరు తెరిచాను గాని, ఆఖరి రోజుల్లో ఎంత గట్టిగా అరిచినా ఆయనకి వినపడేది కాదు, అలాంటి మాట అరిచి చెప్పడం నా వల్ల కాలేదు.

గోదాం పడగొట్టి సెల్‌ఫోన్ల షాపు కట్టారు. బెల్లం బళ్ళు ఆ వీధిలోకి రావు. మొత్తానికి ఆర్డరు పెట్టాను, కొత్త స్కోపు వచ్చింది. ఏం చూసి తీసుకున్నారు మేడమ్ అని హైదరాబాదు కుర్రాడు ఫోనులో అడిగితే, ఏ మెట్టు మీద ఉందో తెర కిందే పెద్ద అంకెల్లో రాస్తుంది, అది చూసి అన్నాను. అవి అన్నిటికీ ఉంటాయండీ అని నవ్వాడు.

ఆ పెళ్ళిళ్ళ అమ్మాయి కీబోర్డు తగిలించాను. నాకు వినపడని ఈల, నూగునూగుగా తెర మీద కనపడింది. నాబు రెండు మెట్లు తిప్పాను. గీత సన్నబడింది, కింద అంకె మారింది. దీపాలు పెట్టే వేళ. ఆకలేసి, నన్ను ఇంటికి తీసుకుపోవాలని ఈ నాబు తిప్పేవాళ్ళు నా పక్కన ఎవరూ లేరు. రెండు మెట్లు వెనక్కి తిప్పి, ఐరన్ వేడెక్కే దాకా ఆగి, పని మొదలుపెట్టాను.