కామేశ్వరి గారి పేజీ

ఎండబెట్టిన ఉసిరి ముక్క నాలుక మీద పడితే ముందు ఉప్పు తగులుతుంది, తర్వాత పులుపు, ఆఖరున వగరు. నాకు మాత్రం వాటన్నిటికంటే ముందు నోరు మూతపడుతుంది. మొన్న శేరిలింగంపల్లిలో రైలు దిగి, స్టేషను బయట తోపుడుబండి మీద ఒక పొట్లం కొని, ఒక ముక్క బుగ్గన పెట్టుకున్నాను. ఆటో అతను వచ్చి "యాడికి పోవాలె సార్?" అని అడిగితే చేత్తో దారి చూపించానే గాని పెదవి విప్పలేదు. మూగవాణ్ణనుకుని జాలిపడి మీటరు కూడా వేశాడు. ఒక దేశం మొత్తానికి టెలిఫోన్లు మూగబోకుండా కాపాడినవాడు తన వెనక సీట్లో కూర్చున్నాడని అతనికేం తెలుసు.

ఈ మాట పార్కులో నడకకు వచ్చేవాళ్ళకు చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ దేశం కొంచెం పెద్దదవుతూ వచ్చింది. ఇప్పుడు అచ్చులోకి వెళ్తోంది కాబట్టి తగ్గించి రాయక తప్పదు. దేశం కాదు, ఆ దేశంలో ఒక కంపెనీ. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పెట్టే పెట్టెలు తయారుచేసేది. ఆ పెట్టెలోని సాఫ్ట్‌వేర్‌కు అన్నిటికంటే లోపలి భాగాన్ని కెర్నెల్ అంటారు. మండలాఫీసులో ఒకే ఒక్క గుమాస్తా ఉండి, ఎవరి కాగితమైనా అతని చేతి మీదుగానే కదలాలంటే ఎలా ఉంటుందో అలాంటిదది. అతను కునుకు తీస్తే ఆఫీసంతా ఆగిపోతుంది. ఆ కంపెనీ తన కెర్నెల్‌ను కొత్తగా మార్చుకుంది. ఇంజనీర్లు చదువుకునే పాత మాన్యువల్‌ను ఆ మార్పులకు తగ్గట్టు తిరగరాసే పని మాకు వచ్చింది. ఇక కాపాడినది నేనేనా అంటే, పూర్తిగా నేను కాదు. ఆ సంగతి చెప్పాలంటే కామేశ్వరి గారి గురించి చెప్పాలి.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్ బండరాళ్ళ మధ్య గుండ్రటి కొత్త భవనం లేచింది. చుట్టూ ఇంకా రాళ్ళు పేలుస్తూనే ఉండేవారు. పేల్చినప్పుడల్లా మా అద్దాలు గజగజలాడేవి. నేను పనిచేసిన ప్రభుత్వ ఫ్యాక్టరీలో మా విభాగం మూసేసి, స్వచ్ఛందం అనే పేరు పెట్టి మమ్మల్ని ఇంటికి పంపారు. యాభై దగ్గరపడ్డ మనిషికి ఉద్యోగం ఎవరిస్తారు? మూసాపేటలో కిరాయి ఇల్లు, ఇంజనీరింగులో చేరిన పిల్ల. ఇంగ్లీషు బాగా రాస్తానని పేరుండబట్టి ఎవరో చెప్పగా ఆ భవనంలో మాన్యువళ్ళు రాసే ఈ కంపెనీకి వెళ్ళాను.

ఇంటర్వ్యూ చేసింది కామేశ్వరి గారే. కాకినాడ మనిషి. నా ఈడే ఉంటుంది. నూలు చీర, జడకు రబ్బరు బ్యాండు. ఫ్యాక్టరీలో నేను రాసిన పుస్తకాల గురించి గంభీరంగా చెప్పడం మొదలుపెట్టాను. రాసింది మూడైతే ముప్పై అన్నాను. ఆవిడ విని, బల్ల కింద నుంచి ఒక అట్టపెట్టె తీసి ముందు పెట్టారు. అందులో విడదీసిన టేబుల్ ఫ్యాను ఉంది, దాన్ని ఎలా బిగించాలో చెప్పే కాగితం ఉంది.

"బిగించండి" అన్నారు.

ఫ్యాను బిగించడం నాకు రాదా? కాగితం పక్కకు తోసి పని కానిచ్చేశాను. రెక్కలు ముందు బిగించి, వెనక జాలీ బయటే మిగిల్చాను.

"కాగితం చదివారాండీ?"

"చూశానండి."

"చూశారు" అని ఆవిడ తనలో తాను అనుకున్నట్టుగా అని, "సోమవారం నుంచి రండి. మూడు నెలలు ట్రయల్. ఈ కెర్నెల్ పుస్తకం తిరిగి రాకుండా వెళ్తే ఉంటారు. వెనక్కి వస్తే మీరే కాదు, ఈ విభాగమే ఉండదు" అన్నారు. నా ఇంగ్లీషు చూసి తీసుకున్నారని ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను.

ఆ ఆఫీసులో ఆవిడ పెట్టిన ఒక ఆచారం ఉండేది. మాన్యువల్లో ఏ పేజీ మార్చినా, మార్చిన మనిషి కాక ఇద్దరు వేరేవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు, ఆ కాగితం ముందు పెట్టుకుని మెషీను మీద అందులో ఉన్న పని చేసి చూడాలి. రాసిన మనిషి వెనక స్టూలు మీద కూర్చోవాలి, మాట్లాడకూడదు. ఆ మౌనం నిలవడానికే ఉసిరి వరుగు. ఆవిడ సొరుగులో ఒక సీసా నిండా ఉండేది. స్టూలెక్కేవాళ్ళకు తనే ఒక ముక్క ఇచ్చేవారు. నా మొదటి పేజీని యాదగిరి చేసి చూసిన రోజు నాకు నరకం కనిపించింది. యాదగిరి మా కుర్ర ఇంజనీరు, శేరిలింగంపల్లివాడే. నేను ముచ్చటపడి రాసిన పొడుగాటి వాక్యం దగ్గర ఆగి, తల గోక్కుని, ఒక కమాండ్ బదులు ఇంకొకటి కొట్టాడు. నేను ఉండబట్టలేక ఉసిరి ముక్క చేతిలోకి తీసి "అది కాదయ్యా, దాని కిందిది" అన్నాను.

కామేశ్వరి గారు తన సీట్లోంచి లేచి వచ్చారు. "రమణారావు గారూ, పుస్తకంతో పాటు మిమ్మల్ని కూడా ప్యాక్ చేసి పంపుతున్నామాండీ?"

"లేదండి."

"మరి చదివేవాడి పక్కన మీరు ఉండరు కదా. ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి."

యాదగిరి నవ్వు ఆపుకుంటూ "పెద్దసారూ, గింత పొడుగు వాక్యం రాస్తే నడుమల ఛాయ్ తాగొచ్చేంత జాగ ఉన్నది" అన్నాడు. ఆ వాక్యాన్ని నాలుగు ముక్కలు చేశాను. ఏడుపొకటే తక్కువ.

అలా పేజీ వెంట పేజీ నడిచి, పుస్తకం చివరికి వచ్చింది. మర్నాడు పంపాలి. నా ట్రయల్ కూడా ఆ వారంతోనే ముగుస్తుంది. ఒక్క అధ్యాయం మిగిలింది. పెట్టెలో కొత్త పరికరం పెట్టినప్పుడు దానికోసం రాసే ప్రోగ్రాము కెర్నెల్‌ను మెమరీ ఎలా అడగాలో అందులో ఉంటుంది. పాత మాన్యువల్లో ఆ అధ్యాయం రాసింది కామేశ్వరి గారే. కొత్త కెర్నెల్లో అక్కడేమీ మారలేదని అవతలి ఇంజనీర్లు రాసి పంపారు. అయినా ఆవిడ తన ఆచారాన్ని తనకోసం సడలించుకోలేదు. ముందురోజు యాదగిరి చేసి చూసి, నడిచిందని సంతకం పెట్టాడు. రెండో మనిషిని నేను.

భోజనాలు అయ్యాక కూర్చున్నాను. ఆవిడ బుగ్గన ఉసిరి పెట్టుకుని స్టూలు మీద గోడకేసి చూస్తూ కూర్చున్నారు. అదే మెషీను మీద యాదగిరి పొద్దున మొదలుపెట్టిన పెద్ద కాపీ పని ఒకటి నడుస్తూ ఉంది. నేను పేజీలోని నమూనా ప్రోగ్రాము జాగ్రత్తగా టైపు చేశాను. ఎక్కించాను. తెర మీద కదిలే అక్షరాలు ఆగిపోయాయి. కీ నొక్కితే చలనం లేదు. ఇంకో కీ నొక్కాను. కాపీ కూడా ఆగిపోయింది. మెషీను నిలువునా బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే బయట రాళ్ళు పేలాయి.

"ఆ అదురుకేనండీ" అన్నాను వెనక్కి తిరిగి. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

యాదగిరి పరుగెత్తుకొచ్చాడు. "ఏంది పెద్దసారూ, గిట్ల జేసిన్రు? నా కాపీ మళ్ళ మొదటికొచ్చె."

"నేనేం చేయలేదోయ్. కాగితంలో ఉన్నదే చేశాను."

"నిన్న నేను జేస్తే మంచిగనే నడిచింది గదా."

కుర్రవాడికి నడిచింది, నాకు ఆగింది. పేజీ రాసింది మా విభాగంలోకెల్లా తెలిసిన మనిషి. ఇక తప్పు ఎవరిదవుతుంది? మూసాపేట ఇల్లు, పిల్ల కాలేజీ, మా ఆవిడతో నేను పలికిన పెద్ద మాటలు ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఫ్యాక్టరీ వదిలిన రోజు వేసుకున్న చొక్కానే ఆ రోజూ వేసుకున్నానని కూడా గుర్తొచ్చింది.

కామేశ్వరి గారు ఉసిరి ముక్కను కాగితంలో చుట్టి పక్కన పెట్టి, లేచి వచ్చి తన పేజీని తనే, కొత్తగా చూస్తున్నట్టు మొదటి నుంచి చదివారు.

"యాదగిరీ, ఇక్కడ ఇంకే ప్రోగ్రామూ లోపలికి రాకుండా తాళం వేసుకుని మెమరీ అడుగుతున్నాం. మెమరీ ఖాళీ లేకపోతే కెర్నెల్ ఏమంటుంది?"

"లేదని చెప్తది మేడం."

"పాతది చెప్తుంది. కొత్తది?"

యాదగిరి పక్క మెషీను మీద కెర్నెల్ ప్రోగ్రాము తెరిచి చాలాసేపు వెతికాడు. మెల్లగా తలెత్తి "చెప్పదు మేడం. దొరికేదాంక ఆగుతది" అన్నాడు.

"తాళం చేతిలో పెట్టుకునే?"

"పెట్టుకునే."

స్నానాల గదిలో లోపల గొళ్ళెం పెట్టుకుని నీళ్ళ కోసం నిలబడ్డారనుకోండి. నీళ్ళు తిప్పాల్సిన పంపు ఆ గదిలోనే ఉంది, తిప్పాల్సినవాడు తలుపు బయట ఉన్నాడు. మీరు గొళ్ళెం తీయరు, అతను లోపలికి రాలేడు. ఆ పేజీ అక్షరాలా అదే చెయ్యమంటోంది. పుస్తకం అలాగే వెళ్ళి, ఎవరో ఇంజనీరు దాన్ని నమ్మి రాసి ఉంటే, ఎక్కడో ఒక ఊరి ఎక్స్ఛేంజీ పట్టపగలు అలాగే బిగుసుకునేది. దేశం కాదు గాని, ఊరు మాత్రం నిజం. సరే, వీధి అనుకోండి.

"పేజీ తప్పు. నాది" అన్నారు కామేశ్వరి గారు. గొంతులో బాధ లేదు, బింకం లేదు. నావైపు తిరిగి "మీరు వెళ్ళి టీ తాగి రండి" అన్నారు.

నేను టీ మెషీను దగ్గర నిలబడి మూడు కప్పులు తాగాను. ఉద్యోగం పోనందుకు వచ్చే హాయి ఎలా ఉంటుందో ఉద్యోగం ఒకసారి పోయినవాడికే తెలుస్తుంది. వెనక్కి వచ్చేసరికి ఆవిడ మేనేజరుకు ఫోను చేస్తున్నారు. "పుస్తకం రెండు రోజులు ఆలస్యమవుతుందండి. కారణం నా పేజీ. రమణారావు గారు నడిపితే బయటపడింది." ఆ వారం చివర నా ట్రయల్ ముగిసింది, ఉద్యోగం మిగిలింది. పుస్తకం వెనక్కి రాలేదు. ఆ రాత్రి మా ఆవిడకు చెప్పినప్పుడే ఎక్స్ఛేంజీ కాస్తా జిల్లా అయింది.

ఆవిడ దగ్గర తర్వాత చాలా ఏళ్ళు పనిచేశాను. అన్నిటికంటే నాతో మిగిలినది 'పేజీ తప్పు' అన్న ఆ రెండు మాటలే. ఇప్పుడు బ్యాంకులో మెషీను ముందు నాలాంటి ముసలివాళ్ళు నిలబడి, ఏదో నొక్కి, కార్డు బయటికి వచ్చేస్తే "నాకు రాదు, నా బుర్ర పాడు" అని తమను తామే తిట్టుకుంటారు. నేను దగ్గరికి వెళ్ళి "మీది కాదండీ తప్పు, దాని మీద రాసినవాడిది" అంటాను. వాళ్ళ భుజాల మీది బరువు దిగుతుంది. ఆ రోజు నా బరువు దిగినట్టే. తప్పు పేజీది అయ్యే వీలుందని ఎవరో ఒకరు చెప్పేదాకా మనిషికి తోచదు. దానికి తోడు, ఆ రోజు నేను ఒక్క అక్షరం దాటకుండా, కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా జాగ్రత్తగా చేశాను కాబట్టే ఆ తప్పు దొరికిందన్న గర్వం కూడా నాకు ఉంది. జీవితంలో ఒక్కసారైనా జాగ్రత్తగా ఉన్నాను.

ఇదంతా రాసి, అచ్చుకు పంపేముందు కోకాపేటలో ఆవిడ ఫ్లాటుకు వెళ్ళి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. దేశం దగ్గరా, జిల్లా దగ్గరా ఏమీ అనలేదు. నేను కాగితాలు మడుస్తుంటే కళ్ళు తెరిచారు.

"ఆ పేజీలో మొదటి వాక్యం ఏమిటో గుర్తుందాండీ?"

"లేదండి."

"ఉండదు. మీరు చదవలేదు. మెషీను మీద వేరే పనులన్నీ ఆపి మొదలుపెట్టమని రాశాను. యాదగిరి చదివాడు, అన్నీ ఆపాడు, మెమరీ కావలసినంత ఉంది, పేజీ నడిచిపోయింది. మీరు దాటేశారు. అతని కాపీ నడుస్తూనే ఉంది, మెమరీ చాలలేదు, అందుకే ఆగింది. మీరు కూడా జాగ్రత్తగా చేసి ఉంటే ఆ తప్పు అచ్చయి పోయేది."

మడిచిన కాగితాలు మళ్ళీ విప్పాను. "మరి ఆ రోజే చెప్పలేదేమండీ?"

"చెప్తే మర్నాటి నుంచి మీరు చదవడం మొదలుపెడతారు. చదివేవాళ్ళు నా దగ్గర అప్పటికే ఉన్నారు. 'జాగ్రత్తగా' అని మూడు చోట్ల రాశారు, మూడూ కొట్టెయ్యండి."