చేను పక్క కాలవ

శ్రీదివ్య మంచినీటి చేపల మీద పరిశోధన చేస్తోంది. పర్చూరు చుట్టుపక్కల కాలవల్లో మోకాళ్ల దాకా దిగి, వలలో పడ్డ పరిగె చేపల మొప్పలు వేలితో ఎత్తి చూస్తుంది. నీటిలో పురుగుమందు ఎంత చేరిందో తేల్చడానికి సీసాలు నింపుకుంటుంది. తండ్రి చెంచురామయ్య మిరప చేను పక్కనున్న కాలవ దగ్గర మాత్రం స్కూటీ ఆపదు.

ఒకరోజు చేలో మందు కొడుతున్న ఆయనే చెయ్యెత్తి ఆపాడు. "ఇక్కడ పట్టవేంటమ్మా?"

"ఇక్కడ చేపల్లేవులే నాన్నా."

"చిన్నప్పుడు గౌనులో పట్టుకొచ్చేదానివిగా."

ఆమె ఆయన వీపు మీది స్ప్రేయర్ చూసి తల దించుకుంది. చెంచురామయ్యకు అర్థమైంది. స్ప్రేయర్ దించి గట్టు మీద కూర్చున్నాడు.

"దిగి పట్టుకో. ఏం తేలితే అదే రాయి."

ఆమె దిగింది. సీసా నిండాక కూడా, గట్టు వైపు తిరిగి ఆయన ముఖం చూడలేకపోయింది.