చీరముక్క కుళ్ళాలి

ఒక చీరముక్క కుళ్ళిందో లేదో చూడడానికి మూడేళ్ళు ఎదురుచూసిన మనిషిని నేను. నవ్వేవాళ్ళు నవ్వారు. పాతచీరలను మట్టిలో దాచుకుంటోందని మా తోడికోడలు ఊరంతా చెప్పింది. చెప్పనీ అని ఊరుకున్నాను. అప్పటికే ఎవరితోనూ వాదించే ఓపిక పోయింది.

దొరవారిసత్రం నుంచి పులికాట్ వైపు వెళ్ళే దారిలో, మా నాన్న నా పేర రాసిచ్చిన ఎకరన్నర పొలం ఉంది. వరి పండే నేల. దాన్ని రొయ్యల గుంటకు కౌలుకిచ్చింది నేనే. మా ఆయన వద్దన్నాడు. పొలం నాది కదా అని ఒక్క మాటతో ఆయన నోరు మూయించి సంతకం పెట్టాను. కౌలుదారు ఏడేళ్ళు గుంట నడిపాడు. రొయ్యలకు తెగులు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు తోడించి, అడుగంతా బ్లీచింగ్ పౌడరు చల్లించేవాడు. పురుగూ పుట్రా ఏదీ బతక్కూడదనేవాడు. గట్టు మీద నిలబడి, ఎంత శుభ్రంగా చేయిస్తున్నాడో అని మెచ్చుకున్నాను కూడా. చివరికి రొయ్యలు నిలవక అతను గుంట వదిలేశాడు.

గట్లు చదును చేయించి మళ్ళీ వరి వేశాం. మోకాలెత్తు లేచి ఎర్రబడి పోయింది. ఆ గడ్డిని నేలలోకే కలియదున్నించాం. మరుసటి ఏడు ట్రాక్టరు తిరిగితే, అదే గడ్డి ఏ పోచకు ఆ పోచగా పైకి వచ్చింది. నిన్న కోసి వేసినట్టే ఉంది. ఏడాది పాటు మట్టిలో ఉన్న గడ్డి కుళ్ళకపోవడం నేనెన్నడూ చూడలేదు. నాకు భయం వేసింది.

వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన ఆమె మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూసి, వాసనే లేదంది. మంచి నేలలో కంటికి కనపడని బాక్టీరియా, బూజు కోట్ల కొద్దీ ఉంటాయట. రాలిన ఆకునూ గడ్డినీ అవి తిని మట్టిలో కలిపితేనే పైరుకు తిండి అట. మా నేలలో ఉప్పూ బ్లీచింగూ కలిసి వాటిని చంపి ఉంటాయని చెప్పింది. నూలుగుడ్డ ఒకటి జానెడు లోతున పాతిపెట్టి, రెండు నెలల తర్వాత తీసి చూడమంది. అవి బతికి ఉంటే గుడ్డను తినేస్తాయి. లేకపోతే గుడ్డ గుడ్డలాగే ఉంటుంది.

నీలం గళ్ళ వెంకటగిరి నూలుచీర ఒకటి పాతబడి ఉంటే ముక్కలుగా చించి, ఒక ముక్క పాతిపెట్టాను. రెండు నెలలకు తవ్వి తీస్తే చెక్కుచెదరలేదు. మా ఆయన దాన్ని కాలువలో జాడించి విదిలించాడు.

"ఉతికితే ఇంకో ఏడు కట్టుకోవచ్చు మే," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు.

అప్పటి నుంచి మోయడమే పని. వానలకు నీళ్ళు నిలబెట్టి, ఉప్పు కరిగాక తీసేసేవాళ్ళం. ఇంటి వెనక దిబ్బ నుంచి పేడ ఎరువు, సముద్రం వైపు సరుగుడు చెట్లున్న సర్వితోపు నుంచి ఆకు. సర్వితోపులో పైన ఎండిన ఆకు తోసేస్తే కింద నల్లటి పొర ఉంటుంది. దాని నిండా తెల్లటి బూజు దారాలు. తొలివాన నాటి వాసన. ఆ పొరను తట్టలకెత్తి తెచ్చి మా నేలలో చల్లేవాళ్ళం. పొద్దున లేస్తే నాకంటే ముందు నా మోకాళ్ళు మూలిగేవి. ఎవరో చంపినవాటిని నేనెందుకు మోసి బతికించాలని ఏడుపొచ్చేది. ఎవరో ఏమిటి, సంతకం నాదే.

రెండో ఏడు పాతిపెట్టిన ఇంకో ముక్క కూడా అలాగే వచ్చింది. మూడో ఏడు గుడ్డ పాతిపెట్టిన కొన్నాళ్ళకు, గూడూరు నుంచి ఒకాయన గుంట వేస్తానని అడగడం మొదలుపెట్టాడు. అన్నం దగ్గర మా ఆయనతో చెప్పేశాను.

"ఈసారీ గుడ్డ అట్నే వస్తే గుంటకే ఇచ్చేస్తా. నా వల్ల కాదు."

ఆయన తలొంచుకుని తిన్నాడు.

గుడ్డ తీసే శనివారం ఆయన తెల్లారకముందే గట్టు చూసొస్తానని వెళ్ళాడు. పొద్దెక్కాక ఇద్దరం వెళ్ళాం. ఆయనే తవ్వాడు. నల్లగా, పీలికలు పీలికలుగా గుడ్డ బయటికి వచ్చింది.

"చూడు, తినేసినాయి," అన్నాడు.

చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పేడ వాసన. మడతల్లో మాగిన ఎండుగడ్డి. అది మా ఇంటి వెనక దిబ్బలోదని ఆ క్షణమే తెలిసిపోయింది. మిగిలిన చీరముక్కల్లోంచి ఒకటి తీసి, ఎరువులో మాగబెట్టి, తెల్లారకముందే తెచ్చి ఇక్కడ పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికే తలెత్తాను. ఆయన గుడ్డను చూడడం లేదు, నన్ను చూస్తున్నాడు.

"అవును, తినేసినాయి," అన్నాను.

గట్టు మీద నుంచే గూడూరు ఆయనకు ఫోన్ చేసి, పొలం ఇవ్వడం లేదని చెప్పాను. మరునాడు చర్చిలో మా ఆయన అందరికంటే గట్టిగా పాడాడు.

సోమవారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, తుడుచుకునే గుడ్డ కోసం ఆయన మోపెడ్ సంచిలో చేయి పెట్టాను. నాలుగు మడతలు పెట్టి, నేను పాతిపెట్టిన అసలు ముక్క దొరికింది. నీలం గళ్ళు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. వసారాలో కూర్చుని ఏడ్చాను. నేల చచ్చిందని కాదు. ఆ నేల తనకు కావాలని నాతో చెప్పలేక, ఈ వయసులో ఆ మనిషి దొంగపని చేశాడు. చెప్పలేకుండా చేసింది నేనే.

కళ్ళు తుడుచుకుని గుడ్డ మడతలు విప్పి వెలుగులో పట్టుకున్నాను. ఒక మూల నల్లటి బూజు చుక్కలు. అక్కడ వేలితో నొక్కితే నూలు చప్పుడు లేకుండా తెగి, చిటికెన వేలు దూరేంత చిల్లు పడింది. మిగతా గుడ్డ లాగినా చిరగలేదు. మూడేళ్ళకు అంతే. చీకట్లో హడావిడిగా మడిచి దాచినవాడు అదీ చూసుకోలేదు.

లోపలికి వెళ్ళి ఆయన్ని లేపాను. గుడ్డను చూసి ఆయన ముఖం పాలిపోయింది. పక్కన కూర్చుని, ఆయన చిటికెన వేలు పట్టుకుని ఆ చిల్లులో దూర్చాను.

"ఇది మన నేల తినిందే. దిబ్బది కాదు," అన్నాను.

ఆయన చాలాసేపు వేలు తీయలేదు.