ఎప్పుడూ చల్లగా చూపించిన మీటరు

కైకలూరు చేపల వ్యాపారి హేమసుందర్‌కు ఎదురు చెప్పేవాళ్లంటే గిట్టదు. కూలీలు చెప్పరు, గుమాస్తా చెప్పడు. భార్య సత్యశ్రీ చెబుతుంది గాని ఆయన వినడు. 2003లో ఆయన మద్రాసు నుంచి పాత విదేశీ జీపు ఒకటి తెచ్చాడు. దానికి క్లచ్ లేదు, గేర్లు అవే మారతాయి. ఆ సంగతి ఊరంతటికీ తెలిసేలా ఎడమకాలు మడిచి సీటు మీద పెట్టుకుని నడిపేవాడు.

అంత దర్జా బండికి చేపల పెట్టెలు నింపిన ట్రాలీ తగిలించి బెజవాడ దాకా లాగించాడు. ఏడాది తిరక్కముందే గేర్‌బాక్సు మాడిపోయింది. అక్కడి ఆటోనగర్ మెకానిక్ ఆమోసు దాన్ని బాగుచేసి, లోపలి ఆయిలు కాగిపోవడం వల్లే ఇలా అయిందని, వేడి చూపించే మీటరు పెట్టుకుంటే ముందే తెలుస్తుందని చెప్పాడు. కొత్త వస్తువును హేమసుందర్ ఎన్నడూ కాదనలేదు. గేర్‌బాక్సు నుంచి వేడి ఆయిలు బయటికొచ్చే పైపుకు ఆమోసు సెన్సరు బిగించి, స్టీరింగు పక్కన గుండ్రటి మీటరు అమర్చాడు.

ఆ మీటరుకు లౌక్యం తెలియదు. మొదటి లోడుతో గుడివాడ దాటకముందే ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. బండి ఆపి చల్లారనివ్వొచ్చు, బరువు తగ్గించొచ్చు. హేమసుందర్ మాత్రం తిన్నగా ఆటోనగర్ వెళ్లి మీటరు చెడిపోయిందన్నాడు. ఆమోసు పరీక్షించి, మీటరు బాగానే ఉందని, బరువే ఎక్కువైందని చెప్పాడు.

“ఆ సెన్సరేదో చల్లగా ఉండేచోట పెట్టొచ్చు కదయ్యా?”

“రేడియేటర్లో చల్లబడి తిరిగొచ్చే పైపుకు పెట్టొచ్చండి. అక్కడెప్పుడూ చల్లగానే చూపిస్తుంది. దానివల్ల లాభమేంటండీ?”

“మనశ్శాంతి,” అన్నాడు హేమసుందర్.

ఆమోసు ఇంకోసారి చెప్పి చూసి, పానా అందుకున్నాడు.

ఆ రోజు నుంచి మీటరు మర్యాద నేర్చుకుంది. ఎంత బరువు లాగినా ముల్లు పచ్చగీత దాటేది కాదు. బండెక్కిన ప్రతివాళ్లకూ హేమసుందర్ దాన్ని చూపించి, అదంతా తన డ్రైవింగు మహిమేనని చెప్పేవాడు.

మే నెలలో మంగళగిరి ఇశ్రాయేలు గారింటి పెళ్లి విందుకు చేపలు తీసుకెళ్తూ, చీరలు కొనుక్కుంటానన్న సత్యశ్రీని కూడా ఎక్కించుకున్నాడు. బెజవాడ దగ్గర కృష్ణా బ్యారేజీ మీద ట్రాఫిక్ నత్తనడక నడుస్తోంది. మాడు వాసన వస్తోందని ఆమె అంది. ఆయన మీటరు చూపించాడు. పొగ వస్తోందని అంది. ఆయన మళ్లీ మీటరే చూపించాడు. సగం దూరం వెళ్లాక ఇంజను అరిచింది గాని చక్రాలు కదల్లేదు. మీటరు ప్రకారం అంతా క్షేమమే.

వెనక ఆటోలవాళ్లు హేమసుందర్ వంశం గురించి తెలిసినవీ తెలియనివీ చెబుతూనే బండిని అవతలి ఒడ్డుకు తోశారు. ఐసు కరిగి చేపల నీళ్లు వాళ్ల కాళ్ల మీద కారాయి. పెళ్లివారు సాంబారుతో సరిపెట్టుకున్నారు.

జీపును లారీ మీద ఆటోనగర్ చేర్చారు. మీటరు తనను మోసం చేసిందని, పీకి పారేయమని హేమసుందర్ చెప్పాడు. ఆమోసు పానా అందుకున్నాడు. అనాల్సింది ముందే అనేశాడు. అప్పటిదాకా బల్ల మీద కూర్చున్న సత్యశ్రీ లేచి వచ్చింది.

“పీకొద్దండీ. సెన్సరు వేడి పైపుకే పెట్టండి. మీటరు మాత్రం నా సీటు ముందు బిగించండి.”

హేమసుందర్ కాదనబోయి, పెట్టెలు దించేటప్పుడు చేపల నీళ్లతో తడిసిన తన చొక్కా చూసుకుని ఊరుకున్నాడు.

ఆ తర్వాత ట్రాలీ తగిలించిన రోజున సత్యశ్రీ కూడా బండెక్కేది. ముల్లు లేస్తే ఆపమనేది. ఆయన ఆపి, కొబ్బరిబొండం తాగడానికే దిగానని దారినపోయేవాళ్లతో చెప్పేవాడు. గేర్‌బాక్సు మళ్లీ మాడలేదు.