సైకస్ తల తుడిచిన చాచా

ఆ రోజుల్లో నా కంటికి లోకమంతా దొంగలే. కొత్తగా ఉద్యోగంలో చేరి, మొదటి జీతంతో చిన్న ఈతచెట్టులా ఉండే సైకస్ మొక్క ఒకటి కొని, మల్కాజ్‌గిరిలో మా ఇంటి గోడ పక్కన నాటాను. నీడన్నది ఎరగని రాళ్ల నేల అది. "నీళ్లు తక్కువ, ఎండ ఎక్కువ, గంతే మేడం. మొవ్వుల తడి నిలిస్తే కుళ్లుతది" అన్నాడు నర్సరీ అతను. (నన్ను మేడం అన్న మొదటి మనిషి కాబట్టి అతని మాటే నాకు వేదం.) వారానికి ఒక్క చెంబు, అదీ మొవ్వు తడవకుండా మొదలు దగ్గరే పోసేదాన్ని. అయినా రెండు నెలలకు ఆకులు పసుపుపచ్చబడ్డాయి. నడినెత్తిన కొత్త ఆకులు పుట్టే ఆ మొవ్వు మీద వేలు పెడితే మెత్తగా తగిలింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అనుమానమంతా పక్కింటి చాచా మీదికి పోయింది. రైల్వేలో రిటైరైన ఆయన పొద్దున్నే గోడ మీది నుంచి వంగి మొక్కలో చెయ్యి పెట్టడం రెండుసార్లు కిటికీలోంచి చూశాను. ఊరుకున్నానా? "చాచా మా సైకస్ మొవ్వు గిల్లుతుండు" అని గల్లీలో నాలుగిళ్లకు చెప్పాను. వాళ్లు ఆయన కనబడితే చాలు, పూలకుండీలు లోపలికి జరుపుకోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు తెల్లవారగానే మెట్ల వెనక నక్కాను. ముందు వచ్చింది మా నానమ్మ. స్నానం చేసి, తూర్పుకు తిరిగి, చెంబెడు నీళ్లు సూర్యుడికి అర్ఘ్యం వదిలింది, నేరుగా సైకస్ నెత్తిన. (ఎదుటి అపార్ట్‌మెంట్ పుణ్యమా అని మా వాకిట్లో సూర్యుడు కనబడేది ఆ గోడ వారనే.) ఆమె లోపలికి పోగానే చాచా గోడ మీది నుంచి వంగాడు. చేతిలో పాత తువ్వాలు. చంటిపిల్లకు తల తుడిచినట్టు మొవ్వంతా అద్దుతున్నాడు.

"ఏంజేస్తున్నరు చాచా?" అన్నాను, మెట్ల వెనక నుంచి లేచి.

"మెల్లగ బేటా, మీ నానమ్మ వింటది. ఆమె పూజ ఆమెది, పొయ్యకున్రి అని నేనెట్ల చెప్పాలె? నువ్వేమో మొదటి జీతంతోని తెచ్చుకుంటివి. అందుకే రోజు జెర తుడుస్తున్న. మొన్న బిడ్డ ఇంటికి పోయి నాలుగు రోజులుంటిని, గప్పుడే మెత్తబడ్డట్టుంది. మాఫ్ చెయ్."

మాఫ్ చెయ్యాల్సింది నేనట! సిగ్గుతో చచ్చిపోయాను. నానమ్మకు చెబితే, "గిది ముందే చెప్తే అయిపోతుండె గద!" అని రెండడుగులు పక్కకు జరిగింది, అంతే. ఆ నాలుగిళ్లకూ పోయి చాచా మీద వేసిన నింద వెనక్కి తీసుకోవడానికి మాత్రం నాకు ఆదివారమంతా పట్టింది. మూడో ఇంటావిడ "మరి గిల్లింది ఎవరే?" అని నన్నే అదోలా చూసింది.

కొత్త ఆకులన్నీ ఒక్కసారే విచ్చుకున్న రోజు, నన్ను కేకేసి పిలిచింది చాచానే. నేను చేసిన ప్రచారం ఆయన చెవిన పడిందో లేదో అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు. మెట్ల వెనక నక్కిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కానీ నవ్వేలోపే చెవులు వేడెక్కుతాయి.